ఏం కూర అక్కా? మాచ్‌నూర్ నుంచి 90.4

జహీరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లు చేను పని ముగించుకుని ఇల్లు చేరేసరికి పొద్దు గూకుతుంది. కాళ్లు చేతులు కడుక్కుని, పొయ్యి రాజేసి, ఎసరు పెట్టేసరికి ఏడవుతుంది. అప్పుడే 90.4 మెగాహెర్ట్జ్ మీద సంఘం రేడియో మొదలవుతుంది. రాత్రి తొమ్మిది దాకా నడుస్తుంది. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీగా ఉండే వేళ అది. వినేవాళ్లు, మాట్లాడేవాళ్లు ఒకే రకమైన దినచర్య ఉన్న మనుషులు కాబట్టే ఆ వేళ ఖరారైంది. పట్నంలో కూర్చుని టైమ్‌టేబుల్ వేసేవారికి ఇది తట్టదు.

హైదరాబాద్ నుంచి ముంబయి హైవే మీద పడమరకు వంద కిలోమీటర్లు దాటాక జహీరాబాద్ వస్తుంది. అక్కడికి దగ్గరలోనే, సంగారెడ్డి జిల్లా ఝరాసంగం మండలంలో మాచ్‌నూర్ ఉంది. కేతకీ సంగమేశ్వరుడి గుడితో పేరుపడ్డ మండలం ఇది. ఓ పక్క జామపళ్ల కోహీర్, మరో పక్క కర్ణాటకలోని బీదర్. ఈ సీమ తెలుగులో కన్నడం, ఉర్దూ కలగలిసి ఉంటాయి. నేల చాలాచోట్ల ఎర్రగా, పలుచగా, రాళ్లతో ఉంటుంది. వాన మీద ఆధారపడ్డ సాగు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఇక్కడి దళిత మహిళా రైతులతో పనిచేస్తోంది. దాని కేంద్రం పస్తాపూర్. సుమారు 75 ఊళ్లలో 5,000 మంది మహిళలు సంఘాలుగా కూడారు. రేడియోకు ఆ పేరు రావడానికి కారణం ఆ సంఘాలే. పిల్లలకు చదువుతో పాటు వ్యవసాయమూ చేతిపనులూ నేర్పే పచ్చసాలె కూడా మాచ్‌నూర్‌లోనే ఉంది.

స్టేషన్ బాధ్యత మొదటినుంచీ మోస్తూ వచ్చినవాళ్లిద్దరి పేరూ నర్సమ్మే. ఒకరు జనరల్ నర్సమ్మ, మరొకరు అల్గోల్ నర్సమ్మ. ఇద్దరూ దళిత కుటుంబాల బిడ్డలు. ఊళ్లకు వెళ్లి రికార్డు చేయడం, తెచ్చినదాన్ని కత్తిరించి కూర్చడం, ప్రసారం చేయడం, అన్నీ వాళ్లే నేర్చుకున్నారు. చుట్టూ పాతిక కిలోమీటర్ల వరకు వాళ్ల గొంతు వినిపిస్తుంది.

ఇందులో ఏముంటుందంటే విత్తనాలుంటాయి, పంటలుంటాయి, మందులుంటాయి, పండుగలుంటాయి, లెక్కలేనన్ని పాటలుంటాయి. వీటన్నిటి నడుమ తిండి ఉంటుంది. తిండిని విడదీసి 'వంటల కార్యక్రమం' అని ఒక మూలన కూర్చోబెట్టరు. ఆకాశవాణి స్త్రీల కార్యక్రమాల్లో మనం విన్న వంటలు, ఇప్పుడు టీవీలో చూసే వంటలు గిన్నెతో మొదలై గిన్నెతోనే ముగుస్తాయి. మాచ్‌నూర్‌లో వంట చేను దగ్గర మొదలవుతుంది. కొర్ర బువ్వ గురించి మాట్లాడాలంటే ఏ నేలలో ఏ కార్తెకు కొర్ర వేశారో, ఎవరింటి విత్తనమో, పక్క సాలులో కంది ఉందో లేదో చెప్పకుండా కుదరదు. ఈ రేడియో మనకిచ్చిన పెద్ద పాఠం ఇదేనని నా నమ్మకం. పండించేవాళ్లను తీసేసి వంట గురించి మాట్లాడితే, అది సగం మాటే అవుతుంది.

గాలిలోకి మాట వదలడానికి ఈ ఆడవాళ్లు ఎంతకాలం ఆగాల్సి వచ్చిందో ఇప్పటి పిల్లలకు చెప్పాలి. 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ ప్రసారాల తగాదాలో వచ్చిన తీర్పది. గాలితరంగాలు ప్రజల ఆస్తి అని అందులో స్పష్టం చేసింది. ధర్మాసనం తరఫున ఆ తీర్పు రాసినవారిలో జస్టిస్ పి.బి. సావంత్ ఒకరు. తీర్పు వచ్చినా పల్లెలకు రేడియో రాలేదు. 1990ల చివరికి యునెస్కో సాయంతో మాచ్‌నూర్‌లో స్టూడియో సిద్ధమైంది. యంత్రాలున్నాయి, నేర్చుకున్న మనుషులున్నారు, అనుమతి మాత్రం లేదు. అయినా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు పట్టుకుని ఊరూరా సంఘాల సమావేశాల్లో వినిపించారు. దాదాపు పదేళ్లు అలాగే గడిచింది. 2000లో పస్తాపూర్‌లో కమ్యూనిటీ రేడియో మీద దేశస్థాయి ప్రకటన వెలువడింది. కొన్నేళ్లకు చదువుల సంస్థలకు అనుమతులు వచ్చాయి. స్వచ్ఛంద సంస్థలకు కూడా ఇవ్వొచ్చని 2006 నవంబరులో కేంద్రం విధానం మార్చింది. 2008 అక్టోబర్ 15న, ప్రపంచ గ్రామీణ మహిళా దినం రోజున, సంఘం రేడియో గాలిలోకి వెళ్లింది. ప్రారంభించడానికి వచ్చింది జస్టిస్ సావంతే. విద్యాసంస్థలకు బయట ప్రజల మధ్య పనిచేసే ఒక సంస్థ లైసెన్సు పొంది నడిపిన తొలి కమ్యూనిటీ రేడియో మన దేశంలో ఇదే.

2006లో వచ్చిన ఆ విధానంలో ఒక కట్టడి ఉంది. కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు, రాజకీయ విషయాలు ప్రసారం చేయకూడదు. జొన్నల గురించి మాట్లాడవచ్చు, పుంటికూర గురించి మాట్లాడవచ్చు. కానీ ఈ నేలలో జొన్నల గురించి నిజం మాట్లాడితే భూమి, కూలి, కులం, ధర, రేషన్ అన్నీ ఆ మాటలోకి వచ్చేస్తాయి.

రేడియోకూ తిండికీ ఉన్న బంధంలో మరో రకం చరిత్ర కూడా ఉంది. 1966లో తమిళనాడు తంజావూరు ప్రాంతంలో ఆకాశవాణి వ్యవసాయ ప్రసారాల ద్వారా ఏడీటీ-27 అనే కొత్త వరి వంగడాన్ని రైతులకు పరిచయం చేసింది. ఆ ప్రచారం ఎంతగా పనిచేసిందంటే, రైతులు ఆ బియ్యానికి 'రేడియో బియ్యం' అనే పేరు పెట్టేశారు. అధికారి చెప్పాడు, రైతు విన్నాడు, పంట మారింది, పళ్లెం మారింది. ఆకలి వెంటాడుతున్న కాలమది, దాన్ని తప్పుపట్టలేం. కానీ ఆ దారిలో మాట ఎప్పుడూ ఒకవైపే నడిచింది. మాచ్‌నూర్‌లో మాట రెండో వైపు నుంచి బయలుదేరింది. చేనులో ఏముండాలో, కంచంలో ఏముండాలో పండించే ఆడమనిషి చెబుతుంది.

ఆమె చెప్పేది మనం వినాల్సిన అవసరం ఎందుకొచ్చిందో చూద్దాం. ఈ సీమ తిండి జొన్న. రొట్టె జొన్నదే, గటక జొన్నదే, అంబలి జొన్నదే. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. పేదవాడి ఇంట అన్నం మెతుకు పండుగనాటి ముచ్చటగా ఉన్న రోజులవి. ఆ పథకం ఎందరి కడుపులనో నింపింది. దాన్ని తేలిక చేయడం అన్యాయం. కానీ చౌక డిపోలో వరి బియ్యం తప్ప మరోటి లేకపోవడంతో, మెట్ట చేలల్లో జొన్న, కొర్ర, సామ వేసే కుటుంబాలకు తమ పంట తామే తినే కారణం తగ్గిపోయింది. చేలు బీడు పడ్డాయి. బీడుతో పాటు కూలీ పోయింది, పశువుల మేత పోయింది. బియ్యం తినేవాళ్లు పెద్దవాళ్లు, రొట్టె తినేవాళ్లు లేనివాళ్లు అనే లెక్క ఊళ్లలో స్థిరపడింది. చుట్టాలొస్తే జొన్నరొట్టె పెట్టడానికి సిగ్గుపడే రోజులు వచ్చాయి.

1990ల మధ్యలో సంఘాల మహిళలు దీనికి ఎదురు నిలిచి జొన్నల నిధి పెట్టారు. బీడు భూములు సాగులోకి తెచ్చుకోవడానికి అప్పు తీసుకుని, దాన్ని రూపాయల్లో కాకుండా గింజల్లో తీర్చారు. ఆ జొన్నలను ఊళ్లోనే దాచి, పనుల్లేని వానకాలపు నెలల్లో అందరికంటే పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు పేదవాళ్లో తేల్చింది కూడా ఊరివాళ్లే. గింజ ఇంటికి తిరిగి వచ్చింది. ఇక వండడం గుర్తుండాలి, తినడం గౌరవంగా ఉండాలి. ఆ రెండు పనులూ రేడియో ఎత్తుకుంది.

చూపించకుండా రొట్టె నేర్పడం సాధ్యమా అని అడగొచ్చు. చెవితో నేర్చుకోదగ్గ విద్యే అది. జొన్నపిండికి గోధుమపిండిలా సాగే గుణం లేదు. మరిగే నీళ్లు పోసి కలిపితే పిండిలోని గంజి ఉడికి జిగురు పట్టుకుంటుంది. పిండి పాతబడితే ఆ జిగురు తగ్గిపోయి, అంచులు పగిలి, రొట్టె చేతిలోనే ఇరుగుతుంది. అందుకే ఈ ఊళ్లలో అప్పటికప్పుడు కావలసినంతే పిండి పట్టించుకుంటారు. అరచేతులతో తట్టే చప్పుడులో ఒక దరువు ఉంటుంది. పెంక మీద వేశాక పైన తడి చేయి రాసి, ఆ తడి ఆరీ ఆరకముందే తిప్పాలి. ఆలస్యమైతే రొట్టె పొంగదు. ఇవన్నీ మాటలో చెప్పవచ్చు, చప్పుడులో వినిపించవచ్చు. కొలత గిద్ద, సోల, తవ్వ, పిడికెడు, చేరెడు. వినే మనిషి ఇంట్లో ఉన్నవీ అవే.

జొన్నరొట్టె సంగతి కాస్త సులువే. కొర్రలు, సామలు, అరికలు అలా కాదు. వాటి పొట్టు తీయడం ఒళ్లు విరిచే పని. రోట్లో దంచి, చెరిగి, మళ్లీ దంచాలి. చిరుధాన్యాలు వంటింట్లోంచి వెళ్లిపోయాయంటే రుచి నచ్చక వెళ్లలేదు, దంచే చేతులు అలసిపోయాయి. ఆ పని భారమంతా ఆడవాళ్ల మీదే ఉంటుంది కనుక, పాత తిండిని పొగిడే మగవాళ్లందరూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. అరికలకు మరో జాగ్రత్త ఉంది. కోత సమయంలో తడిసి బూజు పట్టిన అరికలు తింటే తల తిరుగుతుంది, మత్తు కమ్ముతుంది. పండించే ఇళ్లలో ఇది అందరికీ తెలుసు. ఇవాళ హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలో అరికల ప్యాకెట్ దొరుకుతుంది. దాని వెనుక చాలా రంగుల్లో పోషకాల పట్టిక కనిపిస్తుంది. ఈ ముక్క మాత్రం కనిపించదు. గింజ పట్నానికి వచ్చింది, దాన్ని ఎరిగిన మనిషి మాట రాలేదు.

ఇక ఆకుకూరలు. ఈ రేడియో వినే ఇళ్లలో మనకు పేర్లు కూడా తెలియని కూరలు ఉడుకుతాయి. దొగ్గలి, చెంచలి, గునుగు, తుమ్మి, ఎలుక చెవి కూర, అత్తిలి, గంగవాయిలి, పొన్నగంటి. వీటిని ఎవరూ విత్తరు. చేను దున్ని పంట వేస్తే, వాటంతటవే సాళ్ల మధ్య మొలుస్తాయి. పోషకాహార నిపుణురాలు సలోమీ ఏసుదాస్ ఈ సంఘాల మహిళలతో కలిసి వీటి మీద పనిచేశారు. ఇనుము, కాల్షియం, విటమిన్లు వీటిలో ఎంత దండిగా ఉంటాయో ఆ పని వల్ల బయటి ప్రపంచానికి తెలిసింది. భూమి లేని కూలి మనిషి కూడా ఎవరి చేనులోనైనా ఒంగి ఈ ఆకు కోసుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. ఏ చట్టంలోనూ రాయని హక్కు ఇది. చేదు కూరలను ఉడకబెట్టి, నీళ్లు పిండేసి, ఎల్లిగడ్డ, కారం వేసి తాలింపు పెడతారు. మెత్తటివాటిని నాలుగైదు కలిపి పప్పులో వేస్తారు.

చేనులో గడ్డిమందు కొడితే ఈ కూరలన్నీ ఒక్క రోజులో మాడిపోతాయి. వ్యవసాయ శాఖల పుస్తకాల్లో వీటి పేరు కలుపు. ఓ పెద్దావిడ రేడియోలో దొగ్గలి కూర ఎలా వండాలో చెబితే, వినే రైతు చేతిలోని మందు పంపు గురించి కూడా చెప్పినట్టే అవుతుంది. మైకు ముందు ఉపన్యాసం అక్కర్లేదు. కూర పేరు చాలు.

ఒకే ఎకరంలో పదిహేను, ఇరవై రకాలు కలిపి వేసే పద్ధతి ఇక్కడ ఇంకా బతికి ఉంది. జొన్న, కంది, పెసర, అనుము, బొబ్బర్లు, నువ్వులు, పుంటికూర ఒక్క చేనులోనే పెరుగుతాయి. చలికాలంలో నీటి తడి లేకుండా మంచుతోనే పండేవాటిని సత్యం పంటలంటారు. శనగ, కుసుమ, అవిసె వంటివి ఆ కోవలోవి. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో ఎల్లమాస పండుగ నాడు అందరూ చేనుకు వెళ్లి అక్కడే కూర్చుని తింటారు. సజ్జ రొట్టె, అంబలి, చేనులో దొరికే పచ్చిగింజలూ కూరలూ అన్నీ కలిపి వండే బజ్జి ఆ రోజు భోజనం. ఆ బజ్జికి పట్టిక ఉండదు. ఆ ఏడు చేను ఏమిచ్చిందో అదే పట్టిక. సంక్రాంతి వేళకు పాత పంటల జాతర కదులుతుంది. విత్తనాల కుండలతో అలంకరించిన ఎడ్లబండ్లు దాదాపు నెల రోజులు ఊళ్లు తిరుగుతాయి. ఎదురొచ్చి హారతి పట్టి, ఆడి పాడి సాగనంపుతారు. ఆ పాటలే తర్వాత ఏడాది పొడవునా రేడియోలో వినిపిస్తాయి.

డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వ్యవస్థాపకుల్లో ఒకరైన పి.వి. సతీష్ గురించి చెప్పకపోతే ఈ కథనం లోటే. మైసూరులో పుట్టిన ఆయన దూరదర్శన్‌లో నిర్మాతగా ఏళ్ల తరబడి పనిచేశారు. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ చేర్చిన ప్రయోగంలోనూ ఉన్నారు. పై నుంచి కిందికి ప్రసారం చేయడం లోపలి నుంచి చూసిన మనిషి కాబట్టే, కెమెరానూ మైకునూ పల్లె ఆడవాళ్ల చేతికి ఇవ్వాలన్న పట్టుదల ఆయనకు వచ్చిందని అనుకుంటాను. అక్షరం రాని మహిళలు సైతం వీడియో కెమెరా పట్టి, వరంగల్ బీటీ పత్తి రైతుల కష్టాల మీద సినిమా తీశారు. చిరుధాన్యాల కోసం దేశమంతా తిరిగిన సతీష్, ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన 2023లోనే మార్చి 19న కన్నుమూశారు. అంతకు నాలుగేళ్ల ముందు, 2019లో, ఇక్కడి మహిళా సంఘాలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం ఇచ్చింది.

చిరుధాన్యాలకు ఇప్పుడు గిరాకీ ఉంది. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైచిలుకు కాల్షియం ఉంటుందని వైద్యులు చెబుతున్నారు, కొనేవాళ్లు కొంటున్నారు. జహీరాబాద్‌లో సొసైటీ నడిపిన కేఫ్ ఎత్నిక్‌లో ఈ గింజలతోనే వండి వడ్డించారు. మంచిదే. అయితే ఈ గిరాకీలో గింజకు వచ్చిన గౌరవం పండించిన దళిత మహిళకు అంతే వచ్చిందా అంటే, రాలేదు. రేడియోలో ఆమె పేరు, ఊరు, గొంతు ఉంటాయి. ప్యాకెట్ మీద ఉండవు.

ఇంతకంటే పెద్ద దిగులు భూమిది. ఝరాసంగం, న్యాలకల్ మండలాల్లో జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి కోసం పన్నెండు వేల ఎకరాల పైచిలుకు గుర్తించారు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ కూడా ఉంది. దాని విస్తీర్ణం 3,245 ఎకరాలు. కొలువులు రావాలి, కాదనేవారెవరూ లేరు. కానీ ఈ రేడియో చెప్పే వంటలన్నిటికీ దినుసులు మొలిచేది ఈ మండలాల చేలల్లోనే. చేను పోయాక దొగ్గలి కూర ఎలా వండాలో రికార్డింగు మాత్రం మిగిలితే దానితో కడుపు నిండదు. భూసేకరణ నష్టపరిహారం లెక్కల్లో ఎకరానికి ధర కడతారు. ఆ ఎకరం ఏడాదికి ఎన్ని రకాల కూర ఉచితంగా ఇస్తుందో ఎవరూ లెక్కకట్టరు. కట్టాలని అడగడం ఈ ఆడవాళ్ల హక్కు, వాళ్ల వెంట నిలవడం మన పని.

మాచ్‌నూర్ ఒక్కటే కాకూడదు. ఉత్తరాంధ్ర కొండల్లో చోడి అంబలి ఉంది, రాయలసీమలో రాగి సంగటి, కొర్రన్నం ఉన్నాయి, ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఇప్పపువ్వు లడ్డూ ఉంది. ఒక్కోదాని వెనుక నేల గురించీ గింజ గురించీ తెలిసిన పెద్దవాళ్లున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ కమ్యూనిటీ రేడియో అనుమతులున్న విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల సినిమా పాటలకే సమయం సరిపోతోంది. వారానికి ఒక్క అరగంట చుట్టుపక్కల ఊళ్ల తిండికి కేటాయించండి. వండేవాళ్లనే మాట్లాడనివ్వండి, వాళ్ల యాసను దిద్దకండి, వాళ్ల పేరు చెప్పండి, మాట్లాడిన సమయానికి కూలి ఇవ్వండి. సంఘం రేడియో దగ్గర ఏళ్లుగా పోగుపడ్డ రికార్డింగులను చెడిపోకుండా డిజిటల్ రూపంలో భద్రపరచడానికి తెలంగాణ ప్రభుత్వం, ఆకాశవాణి ముందుకు రావాలి. అందులో మాట్లాడిన ముసలమ్మల్లో కొందరైనా ఇంకా మన మధ్య ఉండగానే ఈ పని మొదలవ్వాలి.